అలకని జానెడు నేల

మా అత్త పగిలిన గోలెంలో ఒక మొక్కను పెంచేది. అది కూరకు రాదు, పూజకు రాదు, పశువు కూడా మేయదు. మెట్‌పల్లి దగ్గరి ఆ ఊరికి నేను కాపురానికి వచ్చిన కొత్తలో దాన్ని చూసి, అంత పెద్ద గోలెంలో వంగ మొక్కలు పెట్టుకుంటే ఇంటికి కూరైనా వస్తుంది కదా అనుకున్నాను. అనుకోవడమే కాదు, పైకే అన్నాను. అత్త నవ్వి ఊరుకుంది. ఆమె ఊరుకునే మనిషి. నేను కాను.

మా ఇంట్లో అత్తాకోడళ్ళ వరస తిరగబడి ఉండేది. తాళాలు నా దగ్గర, ఉప్పు పప్పు కొలత నా దగ్గర. పొయ్యిలో మిగిలిన బొగ్గును నీళ్ళు చల్లి ఆర్పి మర్నాటికి దాచేదీ నేనే. అత్త ఎవరు చెయ్యి చాపినా కాదనేది కాదు. ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చాట నిండా జొన్నలు పెట్టి పంపేది. మామ ఇది చూసి అరుగు మీద కూర్చుని, "గీ ఇంట్ల అత్త ఎవరో కోడలెవరో సుట్టాలకు చెప్పి పంపియ్యాలె, లేకుంటె పరేషాన్ అయితరు" అనేవాడు.

ఆ మొక్క ఆమె తల్లిగారి ఊరిది. ఆదిలాబాదు వైపు, బోథ్ దగ్గర, అడవి అంచున వాళ్ళ చేను. ఆ చేనిగట్టు మీద ఇది దానంతట అదే మొలిచేదట. ఒక ఏడు ఆమె అన్న దాని గడ్డను తవ్వి, తడి గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. ఎండాకాలమంతా నేలలో ఏమీ లేనట్టే ఉంటుంది. తొలకరికి ముందు ఆకు కాదు, ఒట్టి కాడ ఒకటి పైకి వస్తుంది. దానికి వరుసగా పక్కకు వాలిన పూలు. వెలుపల పచ్చి చింతకాయ రంగు, లోపల నాలుక లాంటి రేకు మీద ఎర్రటి గీతలు. పూలు వాడాకే ఆకులు వస్తాయి, పసుపు ఆకు లాగా మడతలు మడతలుగా. చదువుకున్నవాళ్ళు ఇప్పుడు దీన్ని ఆర్కిడ్ జాతి అంటున్నారు. చెట్ల మీద కాకుండా నేలలోనే పెరిగే రకమట. మా అత్తకు ఆ పేరు తెలియదు. ఆమెకు అది "మా చేని పువ్వు", అంతే.

ఏటా బతుకమ్మ పండగకు ముందు అన్న వచ్చి ఆమెను తోలుకుపోయేవాడు. తల్లిగారి వైపు ఆమెకు ఇక ఎవరూ లేరు. ఆయనకు పిల్లలు కలగలేదు, భార్య ముందే పోయింది. నిజాం రాజ్యం పోయిన తర్వాత కొన్నేళ్ళకు ఆయన మంచం పట్టి, చేనును పడమటి వైపు నుంచి వచ్చిన ఒక మరాఠీ కుటుంబానికి అమ్మి, ఆ ఏడే పోయాడు.

ఆ తర్వాత వచ్చిన మొదటి పండగ నాకు బాగా గుర్తుంది. వాడకట్టులో ఇంటింటికీ అన్నలో తమ్ములో వస్తున్నారు. బండ్లు కట్టించుకుని ఆడవాళ్ళు పోతున్నారు. మా అత్త పొద్దున్నే లేచి చీరలు ఉతికి ఆరేసి మడతపెట్టింది. వాటిని ముల్లె కట్టి పక్కన పెట్టుకుని గడప దగ్గర కూర్చుంది. ఎవరూ రారని ఆమెకు తెలుసు. చేతులకే తెలియలేదు. పొద్దు వాలాక ముల్లె విప్పి చీరలను దండెం మీదికి మార్చింది. నేను ఓదార్చలేదు. నాకు ఆ మాటలు రావు. చింతపండు తెచ్చి ముందు పెట్టి, గింజలు తీయమన్నాను. దుఃఖంలో ఉన్న మనిషి చేతికి పని ఉండాలని నా నమ్మకం.

గింజలు తీస్తూ ఆమె గోలెం వైపు చూసి అంది.

"ఇగ గా గోలెంల ఉన్నదే నా తల్లిగారిల్లు, పిల్లా. అది ఉన్నన్నొద్దులు నాకు ఉన్నట్టు."

ఆ రోజు నుంచి నేను గోలెంలో వంకాయల మాట ఎత్తలేదు.

మరుసటి ఏడు ఆ మొక్క కాయ కాసింది. అంతకు ముందు ఎన్నడూ కాయలేదు. పూలు వాడిపోగా ఒకటి మాత్రం నిలిచి, కింది కాడ ఉబ్బి, బెండకాయ ముక్కంత అయి, గీతలు తేలి కిందికి వేలాడింది. అత్తకే ఆశ్చర్యం. వాళ్ళ చేను దగ్గర చాలామటుకు పూలుండగానే పిల్లలు తెంపేసేవాళ్ళట. వానలు తగ్గాక ఒక పొద్దున కాయ గీతల వెంట పగిలింది. ఊదితే చాలు, లోపల నుంచి సన్నటి దుమ్ము పొగలాగా లేచింది. నేను కొంగు అడ్డం పెట్టి మిగిలింది పట్టాను.

"గిది గింజనా?" అంది అత్త. "గింత సన్నగుంటదా! ఇసుర్రాయి సుట్టు లేసే పిండి తీర్గ ఉన్నది."

"జొన్నపిండిల కలిపి రొట్టె చెయ్యుండ్రి, తక్కువైతె" అన్నాడు మామ అరుగు మీద నుంచి.

అంత సన్న గింజను చూసి నాకు భయం వేయలేదు, ధైర్యం వచ్చింది. మా తల్లిగారిది పెద్దపల్లి దగ్గర. మా బాపు పొగాకు వేసేవాడు. పొగాకు గింజ కూడా దుమ్ములాగే ఉంటుంది. దానికి నారు పోయడంలో మా ఇంటి పేరు చెప్పుకునేవాళ్ళు. నేను బడికి పోయింది రెండో తరగతి వరకే గాని, నారుమడి దగ్గర మాత్రం చిన్నప్పటి నుంచీ బాపు వెంటే ఉన్నాను. మడి మీద ఎండాకు, పిడకలు, పొట్టు మందంగా పరిచి నిప్పు పెట్టాలి. మట్టి బాగా కాలితే పురుగు, తెగులు, కలుపు విత్తనం అన్నీ చస్తాయి. చల్లారాక గుల్ల చేసి, గింజను సన్న బూడిదలో కలిపి, గాలి లేని పూట చల్లాలి. పైన పలచగా గడ్డి కప్పి, నీళ్ళు పోసినట్టు కాకుండా జల్లినట్టు తడపాలి.

నేను పెరట్లో అచ్చం అలాగే చేశాను. మామ చూసి, "గీ కోడలు గా దుమ్ముకు చేసే సేవల సగం పసుపు చేనుకు చేస్తే ఇల్లంత బంగారమయ్యేది" అన్నాడు. మామకు ఎదురు మాట్లాడే ఆచారం మాకు లేదు. ఆయనకు ఏం చెప్పాలన్నా అత్తతో చెబుతున్నట్టు, ఆయనకు వినపడేటట్టు చెప్పేదాన్ని. "అత్తా, నారు మొలిచినంక నవ్వేటోళ్ళను నవ్వమను" అన్నాను.

నారు మొలవలేదు. మడి అద్దంలాగా శుభ్రంగా ఉండిపోయింది. ఒక్క గడ్డిపోచ కూడా లేదు. వేరే పంటకైతే అంతకంటే మంచి మడి ఉండదు. చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి. రోజూ రెండు పూటలా తడిపాను. మట్టి, దాని మీద నా వేళ్ళ గుర్తులు, అంతే. అత్త ఒక్క మాట అనలేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది. తిడితే బదులు చెప్పవచ్చు.

ఆ వేసవి చివర అసలు గడ్డే పోయింది. కాడ వచ్చే రోజులు దాటిపోతున్నా గోలెంలో కదలిక లేదు. అత్త వేళ్ళతో మట్టి తీసి చూసింది. గడ్డ మెత్తబడి, నొక్కితే నీరు కారుతోంది. కాయ కాసిన అలసటో, కిందటి వానల్లో గోలెం అడుగున నీరు నిలిచిందో మరి. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుంది.

"పాయె" అంది. "అన్న పాయె, చేను పాయె, గిది గూడ పాయె."

"అంత పోలే" అన్నాను. "గింజ ఉన్నది."

నిజంగానే ఉంది. విత్తనం ఎప్పుడూ ఒక్క తడవ చల్లకూడదని మా బాపు చెప్పేవాడు. పట్టిన దుమ్ములో సగం పాత గుడ్డలో మూట కట్టి, చెమ్మ తగలకుండా బూడిద కుండలో దాచాను. ఆ మూట చూపిస్తే అత్త ముఖం కొద్దిగా తెరిపిన పడింది. కాని వెంటనే అంది.

"మల్ల కాల్చి చల్లితె మల్ల గంతే అయితది, పిల్లా."

"మరేం జేద్దాం?"

ఆమె ఆలోచించింది. తన చిన్నప్పుడు చేనుగట్టు మీద చిన్న మొక్కలు ఎక్కడపడితే అక్కడ వచ్చేవి కావంది. పెద్ద మొక్క కాళ్ళ దగ్గరే వచ్చేవి. ఇప్పచెట్టు ఆకు కుళ్ళి నల్లబడిన మట్టిలో, తల్లి చుట్టూ పిల్లల్లాగా. జానెడు దూరంలో కూడా ఎన్నడూ చూడలేదట. "గా మట్టిల ఏదో ఉన్నది. మన మట్టిల లేదు. ఉన్నా నువ్వు కాలవెడితివి."

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నది. నాకూ సబబుగానే తోచింది. పాలు తోడు పెట్టేటప్పుడు చుక్క పెరుగు కావాలి. ఎంత మంచి పాలైనా ఒట్టివే పెట్టి కూర్చుంటే పెరుగు కావు. ఆ గింజకు ఆ మట్టి తోడులాంటిది కాబోలు.

"బోథ్ పోదాం" అన్నాను. "గంపెడు మట్టి తెచ్చుకుందాం."

మామ అరుగు మీద నుంచి లేచి లోపలికే వచ్చాడు. "మట్టికోసం బస్సెక్కుతరా? మన ఊర్ల మట్టి గొడ్డువోయిందా?"

"అత్తా" అన్నాను, "చుట్టల పొగల పైసలు ఊదేటోళ్ళకు మన బస్సు కిరాయి ఎందుకు గుచ్చుకుంటదో అడుగు."

మామ మళ్ళీ అరుగు మీదికి పోయాడు. కాని మర్నాడు పొద్దున మమ్మల్ని బస్సు దాకా దింపడానికి బండి కట్టింది ఆయనే.

పైసా ఖర్చు పెట్టాలంటే పదిసార్లు ఆలోచించే నేను ఆ ప్రయాణానికి ఎలా సిద్ధపడ్డానో ఇప్పటికీ చెప్పలేను. గోదావరి దాటాం. నిర్మల్‌లో బస్సు మారాం. గుట్టలు మొదలయ్యాక అత్త కిటికీ వదల్లేదు. అదిగో ఆ మలుపు, ఇదిగో ఈ వాగు అని చూపిస్తూ పోయింది. అంత మాట్లాడే మనిషని నాకు అంతవరకు తెలియదు. ఊరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు మూతపడింది. బస్సు దిగి చేని దాకా నడిచినంతసేపూ కొంగు తల మీదికి లాక్కుంటూ నా వెనకే వచ్చింది, పరాయి ఊరికి వచ్చినట్టు.

చేనులో ఒక పెద్దామె గోచీలాగా కాష్ట పోసి కట్టిన చీరతో కంప ఏరుతోంది. మరాఠీ ఇంటి యజమానురాలు ఆమే. మమ్మల్ని చూసి నడుం నిలబెట్టింది.

"కోన్ బాయి? ఎవరు మీరు?"

"మెట్‌పల్లి కాంచి వచ్చినం. గీ చేను అమ్మినాయన చెల్లె గీమె" అన్నాను, అత్తను చూపించి.

ఆమె ముఖం మారిపోయింది. అప్పట్లో భూముల తగాదాలు ఎక్కువ. కొన్నవాళ్ళకు కంటి మీద కునుకు ఉండేది కాదు. "కాగితం మా మాలక్ తాన ఉన్నది" అంది గబగబా. "పైసలు పూరా ఇచ్చినం. జమీన్ అడగనీకి వచ్చిండ్రా?"

అత్త కళ్ళు చేనుగట్టు మీద ఉన్నాయి. నేనే చెప్పాను. "జమీన్ వద్దు. గట్టుమీది మట్టి గంపెడు కావాలె."

"మట్టీ?" ఆమె మమ్మల్ని మార్చి మార్చి చూసింది. "మట్టికోసం మెట్‌పల్లి కాంచి వచ్చిండ్రా? దిమాగ్ ఉన్నదా?" అని పక్కున నవ్వింది. ఆ నవ్వుతో ఆమె భయం పోయింది.

గట్టు సగం దున్నేశారు. మిగిలిన సగంలో ఇప్పచెట్టు కింద మూడో నాలుగో మొక్కలున్నాయి. పూలు అయిపోయి అప్పుడే ఆకులు విచ్చుతున్నాయి. అత్త వాటి ముందు నేల మీద కూర్చుండిపోయింది. పిల్లల తల నిమిరినట్టు ఆ ఆకులను నిమిరింది.

"అమర్‌కంద్ గది" అంది ఆ పెద్దామె. "బాలింతలకు ఉడకవెట్టి ఇస్తం. మస్తు ఉండె. మావాళ్ళు తవ్వి తవ్వి తిన్నరు. మట్టి ఎందుకు, గడ్డనే తవ్వుకపో."

నాకు ఆ మాట బాగుంది. గడ్డ ఉండగా దుమ్ముతో తిప్పలెందుకు? సంచిలో నుంచి కొడవలి తీసి, పక్కనున్న మొక్క మొదట్లో పెట్టాను.

"వద్దు!"

అత్త నా మణికట్టు పట్టుకుంది. ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆమె నా మీద గొంతు పెంచడం అదే మొదలు.

"ఈడ గీ నాలుగే మిగిలినయి. నేను గూడ తవ్వితె ఈడ ఏముంటది? నాకు ఇంట్ల ఉండుడు గాదు, పిల్లా. ఈడ ఉండాలె. ఈడ లేకుంటె నాతాన ఉండి ఏం ఫాయిదా?"

"గింజ మొలవకుంటె?"

"మొలవకుంటె మొలవది. మట్టి తీస్కుందాం. ఏర్లకు తగలకుంట తియ్యి."

నేను కొడవలి సంచిలో పెట్టేశాను. చేతులతోనే, వేళ్ళ చివర్లతో, మొక్కల చుట్టూ నల్లటి మట్టిని కుళ్ళిన ఆకులతో సహా తీసి గంపకెత్తాం. తీసిన చోట మళ్ళీ ఎండాకు కప్పింది అత్త. ఆ మరాఠీ ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని ఇదంతా చూస్తూ నిలబడింది.

గంప నెత్తికి ఎత్తబోతుంటే, "ఆగుండ్రి" అని చేని పక్కనున్న ఇంట్లోకి పోయింది. పీట తెచ్చి వాకిట్లో వేసింది. అత్తను చెయ్యి పట్టుకుని దాని మీద కూర్చోబెట్టింది. పసుపు కుంకుమ పెట్టి, ఒళ్ళో చాటెడు బియ్యం పోసి, కొబ్బరికాయ లేదని బెల్లం ముద్ద పెట్టి, పైన ఒక రవిక గుడ్డ వేసింది. మేం ఒడిబియ్యం అంటాం, వాళ్ళు ఓటీ అంటారు. తల్లిగారింట్లో ఆడబిడ్డకు చేసేది రెండు చోట్లా ఒకటే.

"గిది నీ మాహేర్ గదా" అంది ఆమె. మాహేర్ అంటే వాళ్ళ మాటలో తల్లిగారిల్లు. "ఖాలీ ఒడితోటి ఎట్ల పంపుత? జమీన్ మాది, మాహేర్ నీది. ఎప్పుడన్న రా బాయి. తోలుకపోనీకి ఎవరూ రాలేదని కూసోకు."

అత్త అప్పుడు ఏడ్చింది. అన్న పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. నా దగ్గర చింతపండు లేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను.

ఇంటికి వచ్చాక ఈసారి పని అత్తది, నేను చేతికింది మనిషిని. గోలెం వద్దనుకున్నాం. వాకిలి అంచున, స్నానాలు చేసే జాలారు గోడ నీడ పడే చోట, నీరు నిలవకుండా జానెడు గుంట తీసి, అడుగున రాళ్ళముక్కలు వేసి, ఆ మట్టి నింపాం. కాల్చడం లేదు, బూడిద లేదు. గింజల మూట విప్పి అరచేతిలో పోసుకుని, వంగి, మెల్లగా ఊదింది అత్త. పైన ఎండుటాకు పలచగా వేసింది. కోళ్ళు గీరకుండా చుట్టూ ముళ్ళకంప పెట్టాను నేను.

అసలు కష్టం అప్పుడు మొదలైంది, అదీ నాకు. ఆ వాడకట్టులో నా వాకిలిని చూసి మిగతావాళ్ళు తమ వాకిళ్ళు సరిచేసుకునేవాళ్ళు. పొద్దు పొడవక ముందే ఊడ్చి, పేడనీళ్ళు సానుపు చల్లి, ముగ్గు వేయనిదే నేను నోట్లో నీళ్ళు పోసుకోను. పండగలకు వాకిలంతా ఎర్రమట్టీ పేడా కలిపి అలికేదాన్ని. ఇప్పుడు ఆ జానెడు చోట చీపురు తగలకూడదు, పేడనీళ్ళ చుక్క పడకూడదు, అలకకూడదు. పచ్చి పేడ ఘాటుకు ఆ మట్టిలో ఉన్నదేదో చస్తుందని అత్త భయం. అలికిన వాకిట్లో ఆ నల్లటి మచ్చ, దాని మీద కుళ్ళిన ఆకులు, చుట్టూ కంప. రోజూ చూసి పళ్ళు కొరుక్కునేదాన్ని.

ఎదురింటి ఆమె ఊరుకుంటుందా? "ఏంది వదినె" అంది ఒక పొద్దున, నీళ్ళ బిందె చంకలో పెట్టుకుని, "వాకిలంత అలికి గా మూలకు ఇడిసిపెట్టినవ్? మీ బర్రె పేడ ఎయ్యుడు బంద్ చేసిందా?"

"బంద్ చేసింది. మీ బర్రెను జర మా వాకిట్లకు తోలు."

"గా కంప లోపల ఏం దాసిండ్రు? లంకె బిందెలా?"

"అవ్. తవ్వినంక నీకు సగం."

మాటకు మాట అనేదాన్ని గాని, లోపల గుచ్చుకునేది. పండగలకు వచ్చిన చుట్టాలు కూడా అటు చూసి చూడనట్టు పోయేవాళ్ళు. ఒక ఏడు గడిచింది. ఏమీ మొలవలేదు. గడ్డి మాత్రం మొలిచింది. దాన్ని అత్త కూర్చుని, ఒక్కొక్క పోచనే చూసి, వేళ్ళతో గిచ్చేది, పీకేది కాదు. మామ కూడా నవ్వడం మానేశాడు. ఒక సాయంత్రం ఆయన తన చెంబులో మిగిలిన నీళ్ళు ఆ ఆకుల మీద చిలకరించడం చూశాను. నేను చూసినట్టు ఆయనకు తెలియనివ్వలేదు.

మా రాష్ట్రం ఆంధ్రతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది ఆ రోజుల్లోనే. మామ అరుగు మీద ఆ సంగతులే మాట్లాడేవాడు. నాకు రాష్ట్రం కంటే ఆ మూల గురించే చింత. అత్త పొద్దున లేచి మొదట అక్కడికే పోయి నిలబడేది. ఒట్టి మట్టిని చూసి వెనక్కి వచ్చేది. ఆమె నడకలోనే తెలిసిపోయేది, ఈ రోజూ లేదని.

రెండో ఏడు వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం కంప సరిచేస్తూ, తుంగ మొలక కనిపిస్తే అలవాటు కొద్దీ రెండు వేళ్ళతో పట్టుకున్నాను. గుంజబోయేంతలో వెనక నుంచి అత్త.

"ఆగు ఆగు ఆగు!"

వంగి చూశాం. తుంగ ఆకు నున్నగా, నడుమ గాడితో ఉంటుంది. ఇది చిటికెన గోరంత వెడల్పు. దాని మీద మడతలు. పసుపు ఆకులాగే, మరీ చిన్నది. వేలు తీసేశాను.

"పక్కకు చూడు" అంది అత్త. పక్కన ఇంకొకటి, దానికి అవతల ఇంకా చిన్నవి, ఆకుల కింద నుంచి తల ఎత్తినవి. ఇన్నాళ్ళూ మట్టి లోపలే ఏం తిని, ఎట్లా పెరిగాయో. పైకి రావడానికి తొందరే లేదు వాటికి. అత్త నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అంది, "నీ వాకిలి పాడు చేస్తి, పిల్లా."

"వాకిలికేమైంది" అన్నాను. "వాకిలి బాగనే ఉన్నది."

అవి పూసేదాకా ఇంకా కొన్నేళ్ళు పట్టింది. ఏటా వానలకు ఆకు వేసి, చలికి ఎండి, నేలలో గడ్డను కొంచెం కొంచెంగా పెంచుకున్నాయి. మొదటి కాడ వచ్చిన రోజు ఎదురింటి ఆమెను పిలిచి చూపించాను. "గిదేనా మీ లంకె బిందె?" అని చాలాసేపు చూసి, "ముద్దుగున్నది వదినె" అంది. మామ అప్పటికి లేవలేని స్థితిలో ఉన్నాడు. మంచం వాకిట్లోకి వేయించి చూపించాం. "పిండి గిట్లయిందా?" అన్నాడు.

ఆ తర్వాతి వేసవిలో బోథ్ వైపు నుంచి పసుపు కొనడానికి వచ్చిన ఒక బేరగాడు అత్త కోసం కబురు తెచ్చాడు. ఆ మరాఠీ ఇంట్లో అన్నదమ్ములు భూమి పంచుకున్నారట. గట్టు మొత్తం జరిపి దున్నారట. ఇప్పచెట్టు కిందివి ఒక్కటి కూడా మిగల్లేదు. "మీకు చెప్పాలె అన్నది గా పెద్దామె" అన్నాడు. "తను ఉండంగనే పోయినయని మస్తు బాధపడ్డది."

నేను అత్త ముఖం చూశాను. గోలెంలో గడ్డ కుళ్ళిన రోజు చూసిన ముఖం మళ్ళీ చూడాల్సి వస్తుందేమో అనుకున్నాను. కాని ఆమె లేచి, కొంగు బిగించి, వాకిలి మూలకు పోయి, నేల మీద చెయ్యి పెట్టింది. గడ్డలు నిద్రలో ఉండే కాలం అది. కదిలించడానికి అదే అదను.

"తట్ట తే పిల్లా" అంది.

సగం తవ్వాం, సగం ఉంచాం. ఉంచేవి ఎన్ని, పోయేవి ఎన్ని అని ఈసారి నేను బేరం పెట్టలేదు. మంచివి ఆమె తట్టలోకే ఏరాను. వాటి మట్టితోనే తడి గోనెలో చుట్టాను. కొత్త చీర తీసి ఇచ్చాను. ఆ మరాఠీ ఆమెకని ఒక రవిక గుడ్డ, ఇంట్లో పండిన పసుపు కట్టాను. కొమ్ములు నేనే ఏరాను, పుచ్చు లేకుండా. మామను చూసుకోవాలి, నేను వెంట పోవడానికి వీల్లేదు. ఒక్కతే పోతానంది. తోలుకుపోవడానికి ఎవరూ రాలేదు. ఎవరైనా రావాలని ఆమె అడగనూ లేదు.

బస్సు దాకా వెళ్ళాను. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని తట్టను ఒళ్ళో పెట్టుకుంది. కండక్టర్ టికెట్ల సంచితో వచ్చాడు.

"తట్ట కింద పెట్టు అవ్వా."

"పెట్ట."

"ఏడికి?"

"మా తల్లిగారింటికి."

"నీ తల్లిగారిల్లు ఏ స్టేజీనో నాకెట్ల ఎర్క?" అన్నాడు. బస్సులో వాళ్ళు నవ్వారు. అత్త కూడా నవ్వింది. ఊరి పేరు చెప్పాలని మాత్రం ఆమెకు తోచలేదు.

నేనే కింద నుంచి అరిచాను. "నిర్మల్‌కు కొట్టు నాయినా! ఆడ బోథ్ బస్సు ఎక్కించు, మర్చిపోకు! గా తట్టకు జర ఎండ తగలకుంట చూడు!"